చురికా దర్వీ విచారము

గోదావరీ డెల్టాయందలి మండపేట ప్రాంతమునఁ బ్రాఁతయిండ్ల వంటశాలలోఁ గొయ్యతెడ్డును, భోషాణపు టడుగున మడఁతచాకును గానవచ్చుట వింత కాదు. శాసనములు, నాణెములు, తాళపత్రములు చరిత్రకు సాక్షులని యంగీకరించు పండితులు తెడ్డును, చాకును సాక్షులుగాఁ బిలుచుట మాత్ర మరుదు. వస్తువు లల్పములు; నిత్యోపయుక్తములు; తెడ్డుమీఁద నక్షరములు లేవు, చాకుమీఁద నున్నను ఒకటి రెండు ముద్రలే. అయినను మానవుఁడు తన పూర్వులనుండి పొందినదానిని నిలుపుకొనుటకు రెండు మార్గములు గలవు. ఆ రెండును నీ రెండు వస్తువులయందు స్పష్టముగాఁ గానఁబడుచున్నవి.

ఇటీవల ననేకదేశములందు జీవనార్థము గాక వినోదార్థమై తుప్పుపట్టిన ప్రాఁతచాకులను బాగుచేయువారును, కొయ్యను జెక్కి చెంచాలను జేయువారును బయలుదేఱియున్నారు. ఈ రెండు పనులును సామాన్యముగా నొక్క జాతివిగా నెన్నఁబడుచున్నవి. ఒక్కఁడే రెంటియందు నభిరుచి గలవాఁడగుటయుఁ గలదు. విచారించినచో నివి భిన్నస్వభావములు. చాకును బాగుచేయుట యనఁగాఁ బూర్వమున్న వస్తువునే నిలుపుట. చెంచాను జెక్కుట యనఁగాఁ బూర్వవస్తువు పోయినను దాని రూపమును గ్రొత్తకొయ్యయందు మరల నెలకొల్పుట. మొదటిదానిలో వస్తువు నిలుచును. రెండవదానిలో సంప్రదాయము నిలుచును. ఈ భేదము పూర్వులకుఁ దెలియనిది కాదనియు, దీనిని మఱచుటచేత రెండు వస్తువులకును హాని కలుగుననియు నీ వ్యాసమున నిరూపింపఁబడును.

నామవిచారము

అమరసింహుఁడు క్షత్రియవర్గమునఁ జిన్నకత్తికి శస్త్రి, అసిపుత్రి, ఛురిక, అసిధేనుక యను నామములు చెప్పెను. అసిపుత్రి యనఁగా ఖడ్గముయొక్క కూఁతురు. చిన్నకత్తి పెద్దకత్తికి సంతానమను భావ మిందుఁ గలదు. తెలుఁగునఁ జురకత్తి యను మాటలో ఛురికాశబ్దము నిలిచియున్నది. కత్తి యనునది దేశ్యము. తమిళకన్నడములందును నీ మాట గలదు. చాకు మాత్రము తురుష్క పారసీకభాషలనుండి హిందుస్థానీ ద్వారమునఁ దెలుఁగునకు వచ్చినది. వాడుకలో నీ రెండు మాటలకును విషయము వేఱు. కూరలు తఱుగుటకుఁ గత్తిపీట, క్షౌరమునకు మంగలికత్తి, తాటిచెట్టు గీయుటకు గీఁతకత్తి. మడిచి జేబులో నుంచుకొనునది చాకు.

గరిటెకు నమరమున దర్వి, కంబి, ఖజాక యనియు, కొయ్యగరిటెకుఁ దర్దువు, దారుహస్తకము అనియుఁ బేళ్ళు గలవు. దారుహస్తక మనఁగాఁ గొయ్యచేయి. కాఁగుచున్నదానిలోఁ బెట్టరాని చేతికి బదులుగాఁ బెట్టఁబడు చేయి యని భావము. ఇంతకన్న నా వస్తువునకుఁ దగిన లక్షణము వేఱొకటి చెప్పుట కష్టము. తర్దుశబ్దమునకును, తెడ్డునకును ధ్వనిసామ్యమును, అర్థసామ్యమును గలవు. కాని యింతమాత్రముచేత నొకటి రెండవదానికిఁ దద్భవమని నిశ్చయింపరాదు. గోదావరీతీరమునఁ దెడ్డునకు రెండర్థములు గలవు. అన్నమును, బెల్లపుఁబాకమును గలియఁబెట్టునది తెడ్డు. పడవను నడుపునదియుఁ దెడ్డే. రెంటికి నాకార మొక్కటి, పనియు నొక్కటి: ద్రవమును ద్రోయుట. కొబ్బరిచిప్పకుఁ గఱ్ఱ తగిలించి చేసిన గరిటె యబక. తమిళమున దీనికి అగప్పై యని పేరు. కొబ్బరితోఁటల సీమలో దీనిని జేసికొనుటకు వడ్రంగితో నక్కఱ లేదు. చెంచా మాత్రము చాకువలెనే పరదేశమునుండి వచ్చిన మాట.

ఇందువలనఁ దేలునదేమనఁగా, పనికత్తికిని, వంటగరిటెకును దేశ్యనామములు గలవు. జేబుకత్తికిని, చిన్నగరిటెకును బరదేశీయనామములు గలవు. ఐనను బేరు పరదేశీయమైనంతమాత్రమున వస్తువు పరదేశీయమని చెప్పరాదు. మడఁతకత్తి విషయమున నిది ముందు స్పష్టమగును.

స్రుక్కులు

కొయ్యగరిటెలనుగూర్చి యత్యంతసూక్ష్మములైన విధులు వేదవాఙ్మయమునఁ గలవు. తైత్తిరీయసంహిత తృతీయకాండమున స్రువము ఖదిరముతోడను, జుహువు పలాశముతోడను, ఉపభృత్తు అశ్వత్థముతోడను, ధ్రువ వికంకతముతోడను జేయవలెనని చెప్పఁబడినది. ఖదిరము చండ్ర, పలాశము మోదుగ, అశ్వత్థము రావి. ఆపస్తంబుఁడు తన శ్రౌతసూత్రమున స్రుక్కుల లక్షణమును జెప్పుచు, నవి బాహుప్రమాణములుగాఁ గాని యరత్నిప్రమాణములుగాఁ గాని యుండవలెననియు, కొయ్యయొక్క కొన గరిటెకొనయందే యుండవలెననియు, బిలమును బెరడువైపునఁ దొలువవలెననియు, ముఖము హంసముఖమువలె నుండవలెననియు విధించెను.

ఈ విధిని గ్రతుసంబంధమైనదానిగా మాత్రమే చదువువారికి దీని లౌకికార్థము తోఁపదు. కొయ్య చెక్కువాఁడు వెంటనే గ్రహించును. కొమ్మయొక్క గర్భభాగ మెండునపుడు చీలును. కాఁబట్టి దుంగను నిలువునఁ జీల్చి, గర్భమును దొలఁగించి, మిగిలిన చెక్కకు బెరడువైపేదియో, గర్భమువైపేదియో, మొదలేదియో, కొన యేదియో చూచికాని బాడిస వేయరాదు. నార పొడవునఁ బోయినచోఁ గాడ బలముగా నుండును. నార కడ్డముగాఁ గోసినచోఁ గొలఁదినాళ్ళకే విఱుగును. బిలమును బెరడువైపునఁ దొలువవలెనా, గర్భమువైపునఁ దొలువవలెనా యనునది నేఁడు వినోదార్థము చెంచాలు చెక్కువారును దమలోఁ దాము చర్చించుకొను ప్రశ్న. ఆపస్తంబుఁ డొక పక్షమును స్పష్టముగాఁ జెప్పియున్నాఁడు.

ఈ గరిటెలు గ్రంథమాత్రావశిష్టములు కావు. మండపేటకు దక్షిణమున, గౌతమి కావల నున్న కోనసీమయందలి యగ్రహారములలో నాహితాగ్నులు శ్రౌతాగ్నులను రక్షించుచు వచ్చిరి. అమెరికాదేశపు పండితుఁడు డేవిడ్ నైప్ పెక్కేండ్లు వారిని దర్శించి, వారి జీవనమునుగూర్చి వ్రాసిన గ్రంథము 2015వ సంవత్సరమునఁ బ్రకటింపఁబడినది. ఆధానము జరిగినచోట నెల్లఁ గ్రొత్త స్రుక్కులు చెక్కఁబడవలెను. ఇంత దీర్ఘకాలము విచ్ఛేదము లేక చేయఁబడిన వస్తువున కతిప్రాచీనమైన ప్రతి నొకదానిని దీసి చూపుట దుర్లభ మగుటకుఁ గారణమేమి? కొయ్యకుఁ జెదయు, చెమ్మయు శత్రువు లగుట యొక కారణము. అంతకన్న ముఖ్యకారణము విధియే.

ఆశ్వలాయనుఁడు గృహ్యసూత్రమున నాహితాగ్నియొక్క యంత్యకర్మను జెప్పుచు, జుహువును గుడిచేతియందును, ఉపభృత్తు నెడమచేతియందును, ధ్రువను వక్షఃస్థలమునందును, దక్కిన పాత్రములను దత్తదంగములయందును నుంచి దేహముతోఁ గూడ దహింపవలెనని చెప్పెను. కాని నూఱుఱాళ్ళను, లోహపుఁబాత్రములను, ఇనుపవస్తువులను, మట్టిపాత్రములను మాత్రము కుమారుఁడు తీసికొనవలెనని విశేషించి చెప్పెను. ఈ సూత్రమున సూచింపఁబడిన భేదమే ప్రకృతవిచారమునకు మూలము. కొయ్య యజమానునితోఁ బోవును. ఱాయియు, ఇనుమును గుమారునకుఁ జెందును. తండ్రి జుహువు కుమారునకు రాదు, జుహులక్షణము వచ్చును. కుమారుఁ డాధానము చేయునపుడు మోదుగకొయ్యను దెచ్చి, బెరడువైపు చూచి, క్రొత్తజుహువును జెక్కింపవలెను. చెక్కువాఁ డొక్కతరమున లేకపోయినచో నా వస్తువు లోకమున లేదు.

తక్షుఁడు

చెక్కువాఁ డెవఁడు? పాణిని యైదవ యధ్యాయమున (5.4.95) గ్రామతక్ష, కౌటతక్ష శబ్దములను సాధించెను. గ్రామమున కధీనుఁడై గ్రామస్థుల పనులు చేయువాఁడు గ్రామతక్షుఁడు. తన కుటీరమున స్వతంత్రుఁడై యెవ్వరికిని లోఁబడక పనిచేయువాఁడు కౌటతక్షుఁడు. అమరసింహుఁడును నీ భేదమును జెప్పియున్నాఁడు. తెలుఁగు గ్రామములలోఁ బండ్రెండుగు రాయగాండ్రలో వడ్రంగియుఁ గమ్మరియు నుండిరి. వారు నాగళ్ళను, బండ్లను, కొడవళ్ళను జేసియు, బాగుచేసియు పంటకాలమున ధాన్యభాగమును బొందుచుండిరి. వీరు గ్రామతక్షులు. తెడ్డు, పప్పుగుత్తి, కవ్వము మొదలగునవి వారి పనులలో మిక్కిలి చిన్నవి. పెద్దపనిలో మిగిలిన చెక్కతోనైనఁ జేయఁదగినవి. కావుననే వానినిగూర్చి యెవ్వరును వ్రాసి పెట్టలేదు.

కౌటతక్షుఁడు గ్రామమున కధీనుఁడు కాఁడు కాఁబట్టి తన యిచ్చకు వచ్చినది చెక్కును. నేఁటి వినోదతక్షునకుఁ బాణినీయమునఁ దగిన పేరు కౌటతక్షుఁడే. పూర్వపుఁ గౌటతక్షుఁడు జీవనార్థము చెక్కెను, వీఁడు సంతోషార్థము చెక్కుచున్నాఁ డనునదే భేదము. వాత్స్యాయనుఁడు నాగరకు లభ్యసింపవలసిన యఱువదినాలుగు కళలలోఁ దక్షణమును జేర్చెను గావున సంతోషార్థమైన తక్షణము క్రొత్తది కాదు.

ఆంధ్రదేశమునఁ గొయ్యచెంచాలకుఁ బ్రసిద్ధి చెందిన యూరు నెల్లూరుసీమయందలి ఉదయగిరి. అచటి ముస్లిము కుటుంబములవారు దుర్గపుఁగొండలలో దొరకు నర్ది, బిక్కి మొదలగు కొయ్యలతోఁ జెంచాలను, గరిటెలను జెక్కుచున్నారు. వారి పనితనమునఁ బారసీకరీతి కానఁబడును. ఈ శిల్పమునకు భౌగోళికసూచకమను ప్రభుత్వపు గుర్తింపు లభించినది. ఏటికొప్పాక లక్కపనికి అంకుడుకఱ్ఱయు, కొండపల్లి బొమ్మలకుఁ దెల్లపొణికియు నాధారములు. ఒక్కొక్క యూరి శిల్ప మొక్కొక్క చెట్టుమీఁద నిలిచియున్నది. చెట్టు పోయినచో శిల్పము పోవును. తైత్తిరీయవిధియు గరిటెకొక చెట్టును బేర్కొనుటచేత నీ సంబంధమునే తెలుపుచున్నది. కొయ్యసంప్రదాయమునకు వలసినవి రెండు: చెట్టును, చెక్కు చేయియు. పాతకొయ్యను దాఁచుట యీ రెంటిలో దేనిని రక్షింపదు.

గంటపుఁగత్తి

ఇఁక నినుము. దాత్రశబ్దమును బాణిని కరణార్థమున సాధించెను (3.2.182). ప్రాచ్యులు కోఁత యను నర్థమున 'దాతి' యను క్రియను వాడుదురనియు, ఉదీచ్యులు దాత్రమను నామమును వాడుదురనియు యాస్కుఁడును, పతంజలియుఁ జెప్పిరి. ఒక చిన్నకొడవలి పేరు దేశభేదమునకు నిదర్శనమై శబ్దశాస్త్రమునఁ జిరస్థాయి యయ్యెను.

తెలుఁగుదేశపు టుక్కు లోకప్రసిద్ధము. నిజామాబాదు ప్రాంతమునందలి కోనసముద్రమున మూసలలోఁ గరఁగించి యుక్కు చేయు విధానమును హెన్రీ వోయిసీ వర్ణించిన వ్యాసము 1832వ సంవత్సరమున వంగదేశపు ఏషియాటిక్ సొసైటీ పత్రికయం దచ్చుపడినది. ఆ యుక్కును గొనుటకుఁ బారసీకవర్తకులు కోనసముద్రమునకు వచ్చుచుండిరి. అంతకు ముందే 1795వ సంవత్సరమున జార్జి పియర్సను లండనునందలి రాయల్ సొసైటీవారికి 'వూట్జ్' అను నుక్కునుగూర్చి నివేదించెను; ఆ పేరు ఉక్కుశబ్దమునుండి పుట్టినదని పండితుల మతము. ఉక్కు తెలుఁగుదేశమునుండి పారసీకమునకుఁ బోయినది; చాకు అను పేరు పారసీకమునుండి తెలుఁగునకు వచ్చినది.

పేరు వచ్చినదే కాని మడఁతకత్తి యను వస్తువు దక్షిణదేశమున వ్రాయసకాండ్రకుఁ బరిచితమే. తాటియాకును గ్రంథమునకుఁ దగినట్లు చేయుటకు ఈనెను దీసి, కొలఁతకుఁ గోసి, ఉడికించి, ఆరఁబెట్టి, నునుపు చేసి, రంధ్రము చేయవలెను. పిదప గంటముతో వ్రాసి, మసి పూసి తుడిచినచో నక్షరములు నల్లగాఁ దేలును. ఇందు ఈనె తీయుట, కొలఁతకుఁ గోయుట, అంచులు సరిచేయుట కత్తి పనులు. వ్రాఁత గంటపు పని. కాఁబట్టి లేఖకునకు రెండును గావలెను. రెంటిని నొక్క పిడియందుఁ జేర్చి, ఒకవైపునఁ గత్తియు, రెండవవైపున గంటమును మడిచి పెట్టుటకు వీలుగాఁ జేసిన సాధనములు ప్రదర్శనశాలలలోఁ గానవచ్చుచున్నవి. తమిళులు దీనిని మడక్కెళుత్తాణి యందురు; మడఁతగంటమని దాని యర్థము. షెఫీల్డు నగరపు చాకు లంగళ్ళకు రాకముందు నీ దేశమున మడిచి మొలలో నుంచుకొనఁబడిన కత్తి యిదియే.

కాగితము వ్యాపింపఁగా గంటపు పని పోయినది, కత్తిపని పోలేదు. రెల్లుకలమును, ఈఁకకలమును జెక్కుటకుఁ జిన్నకత్తి కావలసివచ్చెను. ఆంగ్లభాషలోఁ జిన్నచాకునకుఁ గల పేరునకుఁ గలపుఁగత్తి యనియే యర్థము. ఉక్కుపాళీలు వచ్చినపిదప నాపనియుఁ దగ్గెను. అప్పుడు చాకు బడిపిల్లల పెన్సిళ్ళను జెక్కినది. ఆకు, రెల్లు, ఈఁక, పెన్సిలు అను నాలుగు వ్రాఁతసాధనములకుఁ గత్తి తోడై నిలిచినది. కాఁబట్టి ప్రాఁతచాకు లేఖనచరిత్రలో నొకభాగము. గంటమును మాత్రము గ్రంథములయొద్ద నుంచి, దాని తోడికత్తిని బనికిమాలిన యినుముగా నెన్నుట తగదు.

జీర్ణోద్ధారము

మడఁతచాకునందు నాలుగంగములు గలవు: అలుగు, కమాను, పిడిచెక్కలు, చీలలు. తుప్పు కీలునందు నిలుచును. తెలిసినవాఁడు నూనె వేసి నానఁబెట్టి మెల్లగాఁ దెఱచును; బలముగాఁ దెఱచినచోఁ గమాను విఱుగును. ఎఱ్ఱని తుప్పు లోహమును దినును గావున దానిని దీయవలెను. ఉక్కుమీఁద నేండ్లతరబడి పేరుకొన్న నల్లనిపొర యట్టిది కాదు. అది లోహమునకుఁ గొంత రక్షకము, కాలమునకు సాక్షి. దానినిఁ గూడఁ దోమి యద్దమువలె మెఱయించుట తెలియనివారి పని. చక్రపుసానమీఁద నొత్తిపట్టినచో నలుగు వేఁడెక్కును. రమారమి 220 డిగ్రీల సెంటిగ్రేడునకుఁ బసుపుచాయయు, 300 డిగ్రీలకు నీలపుచాయయుఁ దోఁచును. నీలము తోఁచినచోట నుక్కునకుఁ బదును పోయినట్లే. నీటితోఁ దడుపుచుఁ జేతిసానమీఁద నూఱినచో నీ ప్రమాదము లేదు. ఎట్లు నూఱినను గొంత లోహము పోవును. పోయినది మరల రాదు. అలుగుమీఁది కమ్మరిముద్ర యరిగినచో నా చాకు చేసినవాని పేరు పోయినట్లే.

ఈ పని తాళపత్రగ్రంథ పరిష్కరణమునకు మిక్కిలి దగ్గఱ. లేఖకదోషము తుప్పువంటిది, తీయవలెను. ప్రాచీనరూపము నల్లపొరవంటిది, తరువాతి వ్యాకరణమునకు సరిపడలేదని తోమివేయరాదు. ప్రతులను జూడక స్వబుద్ధితోఁ బాఠమును దిద్దుట చక్రపుసాన పట్టుటవంటిది. మెఱుపు వచ్చును, పదును పోవును. పాఠమును సవరించినవాఁడు ప్రతియందలి పాఠము నడుగునఁ జూపవలెను. పిడికిఁ గ్రొత్తచెక్క వేసినవాఁడును బ్రాఁతచెక్కను బాఱవేయక, వేసినది క్రొత్తదని చెప్పవలెను.

అలుగును మార్చి, పిడిని మార్చినచో నది యా చాకేనా యను ప్రశ్న పుట్టును. నైయాయికమతమున నవయవములు పోయినపుడు పూర్వావయవి నశించును. మిగిలిన యవయవములతోఁ గ్రొత్త యవయవి పుట్టును. చినిఁగిన వస్త్రవిషయమున వారు చెప్పు ఖండపట మిట్టిది. 'ఇది యా చాకే' యను ప్రత్యభిజ్ఞ, 'ఆ దీపజ్వాలయే యిది' యను ప్రత్యభిజ్ఞవలె సాజాత్యమూలకము. ఇట్లు చూచినచో నన్ని యంగములు మార్చిన చాకు చెంచాజాతిలోఁ జేరును. అందు సంప్రదాయము నిలిచినది, వస్తువు నిలువలేదు. అట్లు చేయుట దోషము కాదు. చేసి దానిని బ్రాచీనవస్తు వని చెప్పుట దోషము.

దీనికి విపరీతమైన దోషము కొయ్యవిషయమునఁ గలదు. ప్రాఁతతెడ్డు నొకదాని నద్దపుబీరువాలోఁ బెట్టి, క్రొత్తతెడ్డు చెక్కుట మానినచోఁ దెడ్డు రక్షింపఁబడినదని చెప్పుటకు వీలులేదు. ఇనుమును గ్రొత్తగాఁ జేయఁబూనుటయు, కొయ్యను బ్రాఁతగా నుంచఁబూనుటయు రెండును స్వభావవిరుద్ధములు.

పాఠశాలలకు నిందుఁ గర్తవ్యము గలదు. స్వీడనుదేశమున నాస్ అనుచోట ఆటో సాలమను పందొమ్మిదవ శతాబ్ది చివరిభాగమున నుపాధ్యాయులకుఁ గొయ్యపనిని నేర్పుచుఁ గత్తిని మొదటి సాధనముగా గ్రహించెను. 1937వ సంవత్సరమున వార్ధాలో జరిగిన విద్యాసభ చేతిపనిని బాలవిద్యకుఁ గేంద్రముగాఁ జేయవలెనని తీర్మానించెను. ఆ తీర్మాన మెంతవఱకు ఫలించినను, ఒక బాలుఁడు కొయ్యకు మొదలు, కొన గుర్తించి యొక తెడ్డు చెక్కినచో నాపస్తంబుని యొక సూత్రము వానికిఁ జేతితోఁ దెలిసినట్లగును.

మండపేట, బిక్కవోలు, ద్రాక్షారామ ప్రాంతములు తూర్పుచాళుక్యులనాఁటి యాలయములచేఁ జరిత్రజ్ఞులకుఁ బరిచితములు. ఆలయశాసనములకుఁ బ్రతులు తీయువారు పొరుగింటి భోషాణమునందలి గంటపుఁగత్తికిఁ గూడ నొక ప్రతి తీయవలసియున్నది: పొడవెంత, అంగములెన్ని, ముద్ర యెట్టిది, ఆ యింటివారు దానిని నేమని పిలుతురు. విజయదశమినాఁడు పుస్తకములను, పనిముట్లను వెలికిఁ దీసి పూజించు నాచారము గలదు. వానిని జూచి వ్రాసికొనుట కంతకన్న మంచిదినము లేదు. వడ్రంగుల నోట నున్న కొయ్యల పేళ్ళను, ఉలుల పేళ్ళను సేకరించుటయు నట్టిదే. ఆ మాటలు నిఘంటువులలోఁ జేరకముందే యాడువారు పోవుచున్నారు. ఆశ్వలాయనుఁ డినుమును గుమారునికి విడిచెను. ఆ యినుమును దోమి యరగఁదీయకుండ నుంచుకొనుటయు, తండ్రితోఁ గాలిపోయిన గరిటెను మరలఁ జెక్కుటయు నా కుమారుని విధులు.